నాలుగు ఆప్షన్ల సముద్రం

సముద్రం తెలిసినవాడికి ఓడ నడిపే లైసెన్సు ఇవ్వకూడదు. ఇది నా స్థిరాభిప్రాయం.

అయ్యా, అప్పుడే పేజీ తిప్పెయ్యకండి. నేను తాగి రాయడం లేదు. సామ్‌చొన్‌పో రేవులో, చేపల వేలం షెడ్డుకి ఎదురుగా, పచ్చిచేపల హోటలు మీద అంతస్తులో ‘నీలికెరటం కోచింగ్ సెంటర్’ అని ఒక బోర్డు ఉంటుంది. దాని యజమానీ, ఏకైక అధ్యాపకుడూ అయిన ప్యోన్ గ్వాంగ్‌రోక్‌ని నేనే. చేపల ట్రాలర్ల మీద మేట్ కావాలన్నా, సరంగు కావాలన్నా ఓ అర్హత పరీక్ష గట్టెక్కాలి. ఈ రేవులో సగం మందిని గట్టెక్కించింది నేను. మిగతా సగం ఎందుకు ఎక్కలేదో కూడా నాకే తెలుసు. వాళ్ళకి సముద్రం తెలుసు కాబట్టి!

మేట్ అంటే ఎవరో తెలియనివారి కోసం చెబుతున్నాను. ట్రాలర్‌కి పెద్ద సరంగు, అతని తర్వాతివాడు మేట్. సరంగు నిద్రపోయినప్పుడు ఓడని చూసుకోవడమే అతని పని. ఇంత చిన్న పనికి సముద్రం తెలియాలా? మీరే చెప్పండి.

ముందు పరీక్ష గురించి మాట్లాడుకుందాం. పైన ఒక ప్రశ్న. కింద నాలుగు జవాబులు. అందులో ఒకటి కరెక్టు. ఎంత మర్యాదైన ఏర్పాటు! సముద్రం ఎప్పుడైనా మనతో ఇంత మర్యాదగా మసలిందా? ఒక కెరటం వచ్చేముందు, ‘బాబూ, నేను రాబోతున్నాను, నీకు నాలుగు దారులున్నాయి, నింపాదిగా ఆలోచించుకుని ఒకటి గుర్తుపెట్టు’ అని ఎప్పుడైనా అడిగిందా? మీదపడి చెప్పులు పట్టుకుపోతుంది. అలాంటి సంస్కారం లేని సముద్రాన్ని పరీక్ష గదిలోకి రానివ్వకపోవడం మన పరీక్షల బోర్డు చేసిన గొప్ప మేలు.

పైగా ప్రశ్నలు కొత్తగా పుట్టవు. వచ్చినవే చొక్కా మార్చుకుని మళ్ళీ వస్తాయి. వాటన్నిటినీ పట్టి నేనొక బిట్ బ్యాంక్ వేశాను. ఇటుకరాయంత ఉంటుంది. అది కంఠతా పట్టినవాడు ప్రశ్న చదవనక్కర్లేదు. మొదటి రెండు మాటలు కంటబడితే చాలు, వేలు దానంతటది మూడో జవాబు మీదికి వెళ్ళిపోతుంది. దీన్నే మేము నైపుణ్యం అంటాం.

ఇప్పుడు సముద్రం తెలిసినవాడి అవస్థ చూడండి. గుక్ సాంగ్‌మాన్ అని ఒకడున్నాడు. మా బావ ట్రాలర్ మీద డెక్కు మేస్త్రీ. మీసం మొలవకముందు నుంచి వలలు లాగుతున్నాడు. నా సెంటర్లో అతనంత మొద్దు విద్యార్థి ఇంకొకడు లేడు.

‘తుపాను హెచ్చరిక అందిన వెంటనే మేట్ మొట్టమొదట చేయవలసిన పని ఏది?’ అని బిట్టు. నాలుగు జవాబులూ చదివి తల గోక్కున్నాడు.

“ఇందులో లేదు మాస్టారూ.”

“ఏది లేదు?”

“ముందురోజే ఇంటికొచ్చేసి తలుపేసుకోవడం.”

“అది ఆప్షన్ కాదయ్యా!”

“మరి మేం చేసేది అదే కదండీ,” అన్నాడు. అని ఊరుకున్నాడా? నాలుగు గుండ్రాల పక్కన పెన్సిలుతో తనే ఐదో గుండ్రం గీసి, దాన్ని నింపాడు.

‘మనిషి నీళ్ళలో పడినప్పుడు’ అని ఇంకో బిట్టు మొదలుపెట్టానో లేదో, “ఎవరు పడ్డారండీ?” అని అడ్డం వచ్చాడు. ఎవరైతే నీకెందుకయ్యా అన్నాను. “వంటవాడైతే ఇంకాస్త గట్టిగా అరుస్తాం కదండీ! మధ్యాహ్నం కూడెవడు పెడతాడు?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇలాంటివాడికి ఓడ అప్పగించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ముడుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నా బిట్ బ్యాంకులో ఒక ముడి బొమ్మ తలకిందులుగా అచ్చయింది. నా విద్యార్థులు తరతరాలుగా దాన్ని తలకిందులుగానే గుర్తుపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. సాంగ్‌మాన్ ఒక్కడే, “ఇది ఊడిపోతుందండీ” అని పేచీ పెట్టాడు. పరీక్ష కాగితం మీద ముడి ఊడిపోతే ఎవరికి నష్టం? అదే అడిగాను.

అయినా సరే, పోయిన చలికాలం నాకు ఆశ పుట్టింది. మా బావ ట్రాలర్ ‘డేబోక్’ మీది పాత మేట్ మోకాళ్ళ నొప్పులతో గట్టున పడ్డాడు. లైసెన్సున్న మేట్ లేకపోతే ఓడని రేవు దాటనివ్వరు. మా బావ బాంగ్ డొక్‌చిల్‌కి డెబ్భై దాటాయి. చుక్కాని ఇంకొకరి చేతికిచ్చి కాస్త నడుం వాల్చాలని ఆయన కోరిక. సాంగ్‌మాన్‌ని ఎలాగైనా పాస్ చెయ్యరా అని అక్క నన్ను పట్టుకుంది. ఐదో గుండ్రం గియ్యనని అతని చేత ఒట్టు వేయించుకుని, రాత్రింబవళ్ళు రుద్దాను. రుద్దగా రుద్దగా కొంచెం మెరుపు వచ్చింది. సముద్రం తెలిసినవాణ్ణి కూడా నా బిట్ బ్యాంక్ బాగుచెయ్యగలదని లోకానికి చాటుదామనుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది, పరీక్ష పైన మా సెంటర్ హాల్లోనే. మా రేవులో పరీక్ష రోజు ఎలా ఉంటుందో మీకు తెలియందేముంది! తల్లులూ పెళ్ళాలూ వచ్చి గేటుకి జీళ్ళు అతికించారు, జీడి అతుక్కున్నట్టు మార్కులు అతుక్కోవాలని. హోటలావిడ ఆ పూట నాచు సూపు పొయ్యి ఎక్కించలేదు. పరీక్షకి పోయేవాడు నాచు సూపు తాగితే జారిపోతాడని ఆవిడ భయం. నాచు ఆరబోసి బతికే ఊళ్ళో ఆ ఒక్క పూట నాచు ముట్టినవాడు లేడు. అభ్యర్థులంతా కింద హోటల్లో వరసగా కూర్చుని కాల్చిన కానగుర్త చేపలతో అన్నం తింటున్నారు.

అప్పుడే రాజధాని నుంచి వచ్చిన పరీక్షాధికారి కూడా అదే హోటల్లోకి అడుగుపెట్టాడు. నల్లకోటు, మెరిసే బూట్లు, చేతిలో తోలుసంచి. కాగితాలు ఇచ్చేదీ ఆయనే, తరవాత ముద్ర కొట్టేదీ ఆయనే. ఆయన ముందూ ఒక కాల్చిన కానగుర్త పెట్టారు. ఆయన పైభాగం తిన్నాడు. ఎంతో పద్ధతిగా తిన్నాడు. తిని, అన్నం తినే పుల్లలతో ఆ చేపని పట్టుకుని, ఇటువైపుది అటు తిరగేశాడు!

అన్నం నోట్లో ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. మా రేవులో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు, పళ్ళెంలో చేపని తిప్పకూడదని. పైది తినాలి, ముల్లు ఎత్తి పక్కన పెట్టాలి, కిందిది తినాలి. తిప్పితే ఓడ తిరగబడుతుంది. తిప్పినవాడి ఇంటి మనిషి ఉన్న ఓడే తిరగబడుతుందని కొందరూ, చూసినవాళ్ళందరి ఓడలూ తిరగబడతాయని కొందరూ అంటారు. ఆ పూట హోటల్లో ఉన్నవాళ్ళంతా రెండోరకం మనుషులు.

సాంగ్‌మాన్ ముందు లేచాడు. వెనకాలే మిగతావాళ్ళు. నేను మెట్ల దగ్గర చేతులు అడ్డం పెట్టాను.

“ఎక్కడికయ్యా? గంట కొట్టబోతున్నారు!”

“ఇంటికండీ.”

“పరీక్ష?”

“ఆ చెయ్యి చూశారా మాస్టారూ?” అన్నాడు గొంతు తగ్గించి. “చేపని బోర్లా తిప్పిన చెయ్యి. అదే చేత్తో నా లైసెన్సు మీద ముద్ర కొడతాడు. ఆ కాగితం జేబులో పెట్టుకుని నేను ఓడెక్కాలా? నాకు పిల్లలున్నారండీ.”

“ఆయన నగరం మనిషయ్యా, తెలియక తిప్పాడు!”

“తెలియక తిప్పితే మాత్రం ఓడ మునక్కుండా ఉంటుందా ఏంటి?” అని, నన్ను పక్కకి జరిపి, బూట్లు వేసుకుని పోయాడు.

పైన హాలు ఖాళీ. జీళ్ళు అతికించిన గేటు దగ్గర తల్లులు ఏడుస్తున్నారు. అధికారికి ఏమీ అర్థం కాలేదు. “మీ ఊళ్ళో ఇవాళ ఏమైనా పండగా?” అని నన్ను అడిగాడు. అవును సార్, చాలా పెద్ద పండగ అన్నాను.

పాఠకులారా, మీరైతే ఇక్కడ గుండెలు బాదుకుంటారు. నేను బాదుకోలేదు. ఎందుకంటే ఆ ఖాళీ హాల్లో, మూడో వరసలో, ఒక్కడు మాత్రం తాపీగా పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

అతని పేరు యోమ్ గ్యుసిక్. కొండ ఊరివాడు. దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో కాఫీలు అమ్మేవాడు. ఫెర్రీలో పనిచేశాడు కాబట్టి కాగితాల ప్రకారం అతనికి సముద్రానుభవం ఉన్నట్టే. కాఫీ మరిగే చోటికి కిటికీ లేదు కనక సముద్రం మాత్రం అతని కంటబడలేదు. చేప తిప్పడం ఏమిటో, దానికి ఇంతమంది ఎందుకు లేచి పోయారో అతనికి తెలియదు. బిట్ బ్యాంక్ మాత్రం అట్ట నుంచి అట్ట దాకా వచ్చు. గంట కొట్టగానే మొదలుపెట్టి, అధికారి కోటు విప్పి కుర్చీకి తగిలించేలోపు ముగించాడు.

నూటికి నూరు! ఆ దఫా మా రేవు నుంచి పాసైనవాడు అతనొక్కడే. మొదటి ర్యాంకూ అతనిదే, చివరి ర్యాంకూ అతనిదే. నేను చివరి ర్యాంకు సంగతి వదిలేసి, ముందుదాన్ని బ్యానరు మీద వేయించి, అతని ఫొటోతో సహా వేలం షెడ్డుకి ఎదురుగా కట్టాను.

చూశారా పరీక్ష గొప్పతనం? సముద్రం తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తప్పుకున్నారు. తెలియనివాడు నిలిచాడు. ఇంతకన్నా మంచి జల్లెడ ఎవరైనా తయారు చెయ్యగలరా?

మా బావకి వేరే దారి లేదు. యోమ్‌ని మేట్‌గా పెట్టుకున్నాడు. మొదటి ప్రయాణంలో ఏం జరిగిందో సాంగ్‌మాన్ ఊరంతా చెప్పుకుని తిరిగాడు కాబట్టి, అతను కలిపిన మసాలా తీసేసి నేను చెబుతాను. బావ పడుకున్నాడు. యోమ్ చుక్కాని దగ్గరున్నాడు. అడుగున రాయికి వల పట్టుకుంది. తాళ్ళు బిగుసుకుపోయి ఓడ వెనకభాగం కిందికి కుంగడం మొదలైంది. ఇంజను తగ్గించి తాళ్ళు వదలాలి. డెక్కు మీదివాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. వెనక నుంచి నీళ్ళు ఎక్కుతున్నాయి. బావ లోపలి బట్టలతోనే పరుగెత్తుకొచ్చి చూస్తే, యోమ్ కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడట.

“ఏం చేస్తున్నావురా!”

“గుర్తు తెచ్చుకుంటున్నానండీ. మూడో పాఠంలో ఉంది. నాలుక చివర ఉంది. వస్తోంది, వస్తోంది!”

బావ అతన్ని ఒక తోపు తోసి, ఇంజను తగ్గించి, తాళ్ళు వదిలించాడు. ఓడ లేచింది. సరిగ్గా అప్పుడు యోమ్‌కి జవాబు గుర్తొచ్చింది. అది కరెక్టు జవాబే! ఈ మాట సాంగ్‌మాన్ ఎవరికీ చెప్పడు. నా విద్యార్థి తప్పు చెప్పలేదు, కాస్త ఆలస్యంగా చెప్పాడంతే. పరీక్షలో అయితే ఇంకా బోలెడు సమయం మిగిలి ఉండేది.

ఆనాటి నుంచి బావ కన్ను మూతపడలేదు. యోమ్ చుక్కాని పట్టుకున్నప్పుడల్లా బావ వెనకాల నిలబడేవాడు. తను పట్టుకున్నప్పుడు తనే ఉండాలి కదా. అంటే ఓడకి ఇద్దరు కాపలాదారులు, అందులో ఇద్దరూ ఆయనే! రేవుకి వచ్చాక ఎక్కడ ఆనుకుంటే అక్కడ నిద్ర. ఒకసారి వేలంలో నిలబడి కునికిపాట్లు పడుతుంటే, తల ఊపుతున్నాడనుకుని, ఆ పూట పట్టిన చేపంతా అయినకాడికి పాడేశారు. సూపు గిన్నెలో ముక్కు పెట్టి నిద్రపోతే అక్క జుట్టు పట్టుకుని పైకి లాగింది.

మరి యోమ్ ఏమయ్యాడు? కొన్ని ప్రయాణాలయ్యాక ఓడ దిగిపోయాడు. బాధపడకండి, వృద్ధిలోకే వచ్చాడు. నా సెంటర్ ఎదురుగా సొంత కోచింగ్ సెంటర్ పెట్టుకున్నాడు. ‘సముద్రంలో పనిచేసిన అధ్యాపకునిచే బోధన’ అని బోర్డు!

నేనూ తక్కువ తినలేదు. అనుభవం నుంచి పాఠం నేర్చుకున్నాను. కొత్త బ్యాచ్‌లో వల పట్టిన చెయ్యి ఒక్కటి కూడా లేకుండా ఏరి మరీ చేర్చుకున్నాను. ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాలు, ఫెర్రీ టికెట్లు చింపేవాళ్ళు, వలల కొట్లో కూర్చునేవాళ్ళు, దీవిలో డబ్బులిచ్చి పాడుకునే కరావోకే గది నడిపేవాడు ఒకడు. ఎంత చక్కటి పిల్లలు! ఎవడూ ‘ఎవరు పడ్డారండీ’ అని అడగడు. ఎవడూ ఐదో గుండ్రం గియ్యడు. వాళ్ళ చేత పరీక్ష రాయించి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ ఉన్నాను. ఆ దఫా కూడా అదే అధికారి వస్తున్నాడని తెలిసి సాంగ్‌మాన్ ఆ వీధి మొహం కూడా చూడలేదు.

ఇలా ఉండగా అక్క వచ్చింది. మా అక్క మల్‌సుక్ వేలం షెడ్డులో చేపలు కోస్తుంది. రబ్బరు బూట్లతో, చేతుల నిండా పొలుసులతో మెట్లెక్కి వచ్చి, తరవాతి బ్యాచ్ క్లాసు మధ్యలో నిలబడింది.

“ఒరేయ్, గోడ మీద ఏంట్రా అది?”

“నా లైసెన్సక్కా. తెలియనట్టు అడుగుతావేం?”

“పనిచేస్తుందా?”

“పనిచెయ్యకపోవడమేమిటి! మేట్ లైసెన్సు, మొదటి ర్యాంకు!”

“అయితే దించు.”

నా విద్యార్థులు నా వంక చూశారు. నేను సున్నితంగా నచ్చజెప్పబోయాను. నా సముద్రానుభవమంతా మత్స్య పాఠశాల శిక్షణ ఓడలో, బంకు మంచం మీద పడుకుని, బకెట్టు కౌగిలించుకుని సంపాదించిందని అక్కకి తెలుసు. ఆ బకెట్టు ఇంట్లోంచి ఇచ్చింది ఆవిడే.

“నీ యోమ్‌గాడు పోయాడు. మేట్ లేడని ఓడని కదలనివ్వట్లేదు,” అంది అక్క. “ఇంకెవణ్ణో తెస్తే వాడూ నీ దగ్గర చదివినోడే అయ్యుంటాడు. మీ బావ నిలబడి నిద్రపోతున్నాడురా. నిద్రలో నడుస్తున్నాడు. ఒకరోజు అలాగే నడుచుకుంటూ నీళ్ళలోకి పోతాడు. నేనెక్కడని వెతకను?”

అంటూనే ఏడ్చింది. అక్క ఏడవడం నేను చూడలేదు అంతకుముందు. గోడ మీంచి లైసెన్సు నేనే దించాను.

కాబట్టి పాఠకులారా, ఈ కాలమ్ మీకు కోచింగ్ సెంటర్ నుంచి కాదు, డేబోక్ చుక్కాని గది నుంచి వస్తోంది. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. వంకర నాది కాదు, నేల వంకరగా ఉంది.

నన్ను చూసి సాంగ్‌మాన్ నవ్వడానికి వల మూట పట్టుకోవలసి వచ్చింది. బావ మాత్రం నవ్వలేదు. “ఇతను మన మేట్” అని డెక్కు మీదివాళ్ళకి ఒక్క మాట చెప్పి లోపలికి పోయాడు. ఆ మర్యాదకి నేను పొంగిపోయాను. ఆ వెంటనే బకెట్టు అడిగాను.

మొదట్లో అంతా బాగానే నడిచింది. సముద్రం నా పుస్తకంలో ఉన్నట్టే నీలంగా ఉంది. వల నీళ్ళలో ఉంది, ఓడ నెమ్మదిగా దాన్ని లాగుతోంది. ఇవాళ పొద్దున్న ఇంకా ఫోను పలుకుతుండగానే ఫలితాలు కూడా వచ్చాయి. ఆ సంతోషంలో నేనే బావతో అన్నాను, కాసేపు పడుకో బావా, నేనున్నాను కదా అని. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి.

“పొగమంచు వచ్చేట్టుంది,” అన్నాడు. “ఏదైనా వినబడితే లేపు.”

“కనబడితే?”

“మంచులో ఏం కనబడుద్దిరా నీ మొహం? వినబడితే!” అని, వెనకాల బల్ల మీద ఒరిగాడు. తల దిండుకి తగిలిందో లేదో గురక మొదలైంది. ఆ గురక వింటే అక్క ఎంత సంతోషించేదో!

చెప్పినట్టే మధ్యాహ్నానికి మంచు దిగింది. ముందు ఓడ ముక్కు కనబడలేదు, తరవాత డెక్కే కనబడలేదు. కిటికీలోంచి తేమ వచ్చి బిట్ బ్యాంక్ పేజీలు మెత్తబడుతున్నాయి. అందుకని కిటికీ గట్టిగా మూసేశాను. మూసేసి, వెచ్చగా కూర్చుని, కంటితోనూ చెవితోనూ కాపలా కాయాలన్న నియమం ఏ పాఠంలో ఉందో వెతుకుతున్నాను. రెండో పాఠంలో ఉంది. రెండో జవాబు.

ముందువైపు నుంచి ఎవరో గిన్నె మూత వాయిస్తున్నట్టు అనిపించింది. అన్నానికి పిలుస్తున్నారు కాబోలనుకున్నాను. ఆకలి లేదు కనక కదల్లేదు.

తరవాత చాలా సన్నగా ఒక కూత వినబడింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. నా ఒళ్ళు పులకరించింది! ఇది నాకు వచ్చు! ‘ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు’ అన్న మాట కంటబడితే నా విద్యార్థులు నిద్రలో కూడా మూడో జవాబు పెడతారు. వల లాగుతున్న ఓడ, ఇంకా తన ఇష్టానుసారం తప్పుకోలేని ఓడలు. మనం కూడా మంచులో అదే కూత వెయ్యాలి. పూర్తి మార్కులు!

మళ్ళీ వినబడింది. ఈసారి సన్నగా లేదు.

అప్పుడు తట్టింది నాకు. ఆ కూత ఏమిటో పుస్తకంలో ఉంది. ఎటునుంచో పుస్తకంలో లేదు. కుడివైపా? ఎడమా? ఎదురుగానా? కిటికీ తెరిచాను. మంచులోంచి అది అన్నివైపుల నుంచీ ఒకేసారి వస్తోంది. గిన్నె మూత శబ్దం ఇప్పుడు స్పష్టంగా వినబడింది, దాంతోపాటు సాంగ్‌మాన్ అరుపు కూడా. “కూత వెయ్యండి మాస్టారూ! కూత వెయ్యండి!” మన ఓడ అప్పటిదాకా ఒక్క కూత కూడా వెయ్యలేదు. వెయ్యాల్సింది నేను. అతను ఓడ ముక్కు మీద నిలబడి, అన్నం గిన్నె మూతతో నా పని చేస్తున్నాడు.

నాకు భయం వేసింది. ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు. చెయ్యి ఎటు పెట్టాలో తెలియక కళ్ళు మూసుకుని, పాఠం గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

బావ ఎప్పుడు లేచాడో తెలియదు. మేజోళ్ళ కాళ్ళతో వచ్చి నన్ను పక్కకి జరిపి, కూత తాడు లాగాడు. ఇంజను తగ్గించాడు. తల కిటికీ బయట పెట్టి, ఊపిరి బిగబట్టి విన్నాడు. మళ్ళీ లాగాడు. చుక్కాని కొంచెం తిప్పాడు.

మంచులోంచి ఒక ఓడ వెనకభాగం వచ్చింది. మా ఓడ పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా జారిపోయింది. దాని డెక్కు మీద ఒకడు వెల్లుల్లి వలుస్తూ కూర్చుని ఉన్నాడు. నోరు తెరిచి నా వంక చూశాడు. నేనూ నోరు తెరిచి చూశాను. ఆ తరవాత మంచు.

“ఎటునుంచో నీకెలా తెలిసింది బావా?” అన్నాను.

“తెలిస్తే కదరా. నా చెవులు ఇంజను శబ్దానికే పోయాయి. భయమేసి తగ్గించా. నువ్వేమో జవాబొచ్చిందని మురిసిపోతా కూచున్నావ్.”

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పాఠకులారా, సాంగ్‌మాన్ ఈ గదిలోకి వచ్చి చుక్కాని పట్టుకుంటే నేరం. నేను పట్టుకుంటే చట్టబద్ధం. అతను ముక్కు మీద గిన్నె మూత పట్టుకుని ఉన్నాడు, నేను ఇక్కడ మొదటి ర్యాంకు పట్టుకుని ఉన్నాను. మధ్యలో ఒక ముసలాయన నిద్రపోవాలి. సముద్రం తెలిసినవాడికి లైసెన్సు ఇవ్వకూడదన్న నా అభిప్రాయం ముందే చెప్పాను. దాన్ని ఎవరైనా ఖండిస్తూ ఉత్తరం రాస్తే బాగుండునని ఇప్పుడు నా కోరిక.

కిటికీ ఈసారి తెరిచే ఉంచుతాను, మళ్ళీ పడుకో బావా అన్నాను. బతిమాలాను. ఆయన చేపల పెట్టె బోర్లించుకుని నా పక్కన కూర్చున్నాడు. తల వాలిపోతోంది. వాలినప్పుడల్లా చెంప మీద తనే కొట్టుకుంటున్నాడు.

“ఇంతకీ పొద్దున్నేదో ఫోనొచ్చిందన్నావ్. ఈసారి నీ దగ్గర ఎంతమంది పాసయ్యార్రా?”

“అందరూ బావా! ఒక్కడు కూడా తప్పలేదు!” అన్నాను. ఆ ఉత్సాహం నా నోటికి అలవాటు, ఏం చెయ్యను?

బావ తల ఊపాడు. లేచి, వెనకాల బల్ల మీంచి దిండు తెచ్చి, నా కుర్చీలో వీపు వెనక సర్దాడు.

“ఇది నువ్వుంచుకో,” అన్నాడు. “నాకింక దీంతో పన్లేదు.”